ఏమి చదువదలచితివి? ఏమి కాదలచితివి?

విదేశ విశ్వవిద్యాలయమునకు పంపు స్వీయ నివేదనలో భావి వృత్తిని గూర్చి చెప్పవలెనా? చెప్పినచో ఎంత, ఎట్లు?

ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణమున యూకాస్ అను సంస్థ యున్నది. బ్రిటన్ విశ్వవిద్యాలయములలో డిగ్రీ చదువునకు చేరగోరు విద్యార్థి, లండను నగరమున పుట్టినవాడైనను సరే, తెనాలినుండి పోదలచినవాడైనను సరే, సామాన్యముగా ఆ సంస్థ ద్వారముననే దరఖాస్తు పంపవలసియుండును. మార్కులు, పరీక్షా ఫలితములు, అధ్యాపకుడు వ్రాసిన సిఫారసు, ఇవన్నియు ఇతరులు విద్యార్థిని గూర్చి చెప్పు మాటలు కాగా, విద్యార్థి తన్ను గూర్చి తాను చెప్పుకొనుటకు అందులో మిగిలిన చోటు ఒక్కటే. దానికి పర్సనల్ స్టేట్‌మెంటు అని పేరు. అమెరికాకు ఎం.ఎస్. చదువునకై పోవు మనవారి నోట నిత్యము నలుగు ఎస్‌ఓపీ యనునదియు ఈ జాతికి చెందినదే. పదముల నడిమి ఖాళీలతో సహా 4,000 అక్షరములకు మించని ఆ వ్రాతలో, పదునేడు పదునెనిమిదేండ్ల ప్రాయము గల యువకుడో యువతియో, ఎన్నడును చూడని మనుష్యుల యెదుట తన మనస్సును విప్పి చెప్పవలెను. అదే వ్రాత తాను ఎంచుకొన్న అయిదు చోట్లకును పోవును గనుక, ఏ ఒక్క విశ్వవిద్యాలయమును పేరుపెట్టి పొగడుటకును అందు వీలులేదు.

ఆ వ్రాతకు కూర్చున్న ప్రతి విద్యార్థికిని మొదట ఎదురగు సందేహ మొకటి కలదు. చదువు ముగిసిన పిమ్మట తాను అవలంబింపదలచిన వృత్తిని గూర్చి ఇందు చెప్పవలెనా, చెప్పకుండుట మేలా? చెప్పినయెడల ఎంత చెప్పవలెను? ఇంకను నిశ్చయము కానివాడు నిశ్చయమైనట్లు వ్రాయవలెనా? పైకి అల్పముగా తోచు ఈ సందేహము వెనుక, చదువు దేనికొరకు అను పెద్ద ప్రశ్న దాగియున్నది. మన తెలుగు గృహములలో ఆ పెద్ద ప్రశ్నకు సమాధానము, బిడ్డ పదవ తరగతి ముగియక మునుపే, బిడ్డ ప్రమేయము లేకయే నిర్ణీతమై పోవుచుండుటచే, ఈ చిన్న సందేహము మన పిల్లలను తీవ్రముగా బాధించుచున్నది.

మన యింటికి వచ్చిన చుట్టము పిల్లవానిని దగ్గరకు పిలిచి అడుగు మొదటి మాట "పెద్దయ్యాక ఏమవుతావురా?" అనునదే. "నీకు ఏది చదువుట ఇష్టమమ్మా, అందులో నీకు నచ్చినదేమిటి?" అని అడుగువారు మిక్కిలి అరుదు. పదునైదేండ్ల ప్రాయముననే ఎం.పి.సి.యో బై.పి.సి.యో తేల్చుకొని, కార్పొరేటు కళాశాల హాస్టలులో రెండేండ్లు గడపి, ఈఏపీసెట్, జేఈఈ, నీట్ వంటి పరీక్షలలో ర్యాంకు సంపాదించి, కౌన్సెలింగునందు వెబ్ ఆప్షన్లు పెట్టుకొనుటతో మన ప్రవేశ ప్రక్రియ సమాప్తమగును. ఆ ప్రక్రియలో ఏ దశయందును "ఈ శాస్త్రము నీకేల?" అని ఎవరును అడుగరు. నేను ఆ పద్ధతిని నిందించుట లేదు. లక్షలాది అభ్యర్థులను ఒకే తక్కెడలో తూచవలసిన దేశమున దాని న్యాయము దానికున్నది. అయినను ఆ పద్ధతిలో పెరిగిన విద్యార్థి, విదేశ విశ్వవిద్యాలయము "నీవీ విషయమును ఏల చదువగోరుచున్నావు?" అని అడిగినప్పుడు, చిన్ననాటినుండియు తాను విన్న ప్రశ్న వేరొకటి యగుటచే, ఆ వేరు ప్రశ్నకే సమాధానము వ్రాయుచున్నాడు. పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరును కాగోరుచున్నాననియో, గొప్ప హృద్రోగ శస్త్రవైద్యురాలను కాదలచితిననియో, తలిదండ్రుల కల నెరవేర్చెదననియో ఆ నివేదన మొదలగును. అది అసత్యము కాదు. అడిగినదానికి ప్రత్యుత్తరము మాత్రము కాదు.

కావున నా అభిప్రాయమును ముందే చెప్పుచున్నాను. భావి వృత్తిని పేర్కొనుటయందు దోషమేమియు లేదు. చదువవలసిన విషయమును గూర్చి పలుకవలసిన చోట, దానికి బదులుగా వృత్తిని నిలుపుటయందే దోషమున్నది.

దీనిని గ్రహించుటకు ఆ కాగితమును చదువువారెవరో మొదట తెలియవలెను. అది ఉద్యోగమునకు మనుష్యులను ఏరుకొను అధికారి కాదు. పెక్కుచోట్ల ఆ శాస్త్రమునే బోధించు ఆచార్యుడు, లేదా ఆయన కోరిక యేదో ఎరిగిన ప్రవేశ విభాగపు ఉద్యోగి. ఆయన మనస్సున మెదలు ప్రశ్న చాల సామాన్యమైనది: ఈ బిడ్డ మూడేండ్లు నా తరగతిలో కూర్చుండి, కష్టమైన గ్రంథములను చదివి, విసుగు పుట్టించు ప్రయోగములను ఓర్పుతో చేసి, ఈ విద్యను ప్రేమించునా? పట్టభద్రుడైన పిమ్మట వాడు బ్యాంకులో చేరునా, బడిలో చేరునా యనునది ఆయనకు ఆసక్తి లేని సంగతి కాకపోవచ్చును గాని, ఆయన నిర్ణయమునకు అది ఆధారము కాజాలదు. అర్థశాస్త్రపు ఆచార్యునికి, "నాకు ఇన్వెస్ట్‌మెంటు బ్యాంకరు ఉద్యోగము కావలెను" అను వాక్యము అభ్యర్థి కోరికను తెలుపునే గాని, ధరలు ఏల పెరుగునో, నిరుద్యోగమెట్లు పుట్టునో తెలిసికొనుటకు ఆ అభ్యర్థి ఒక సాయంకాలమైనను వెచ్చించెనా యనుదానిని తెలుపదు.

యూకాస్ వారు ఇటీవల చేసిన మార్పు ఈ సంగతిని మరింత స్పష్టపరచినది. చిరకాలముగా ఒకే దీర్ఘ వ్యాసముగా నుండిన ఆ నివేదనను, 2026 ప్రవేశములనుండి మూడు ప్రశ్నలుగా విభజించినారు. ఈ కోర్సును లేక ఈ విషయమును ఏల చదువగోరుచున్నావు? నీవు ఇంతవరకు చదివిన చదువు నిన్ను దీనికెట్లు సిద్ధపరచినది? చదువునకు వెలుపల నీవు చేసినదేమి, ఆ అనుభవము దీనికెట్లు ఉపకరించును? మొత్తము 4,000 అక్షరముల పరిమితి మారలేదు. ఒక్కొక్క ప్రశ్నకు కనీసము 350 అక్షరములైనను వ్రాయవలెనను నియమము చేరినది. మూడింటిలో ఒక్కటియు "నీవేమి కాదలచితివి?" అని అడుగుట లేదు. అయినను మొదటి ప్రశ్నకు యూకాస్ వారు ఇచ్చిన వివరణలో, విషయముపై అభ్యర్థికి గల ఆసక్తితోను జ్ఞానముతోను పాటు, అతని భవిష్యత్ ప్రణాళికలును, వానికి ఈ చదువు ఎట్లు తగినదో చెప్పుటయు చేర్చబడినవి. అనగా వృత్తికి అందు చోటున్నది. ఆ చోటు మొదటి ప్రశ్నలోపల, ఆసక్తి తరువాత, జ్ఞానము తరువాత నున్నది. ఈ క్రమమును పాటించుటయే ఉచితమని నాకు తోచుచున్నది. రెండు మూడు వాక్యములు దానికి చాలును. చదువుపై ఆసక్తి ఎట్లు పుట్టి ఎట్లు పెరిగెనో చెప్పిన పిదప, ఆ ఆసక్తియే తన్ను ఎటు నడపుచున్నదో ఆ వాక్యములు చెప్పవలెను.

అయితే అన్ని విద్యలను ఒకే గాట కట్టరాదు. వైద్యము, నర్సింగు, దంతవైద్యము, పశువైద్యము, ఉపాధ్యాయ శిక్షణ, సోషల్ వర్కు వంటి విద్యలలో చదువును వృత్తిని విడదీయుట అసాధ్యము. అక్కడ వృత్తిని గూర్చి చెప్పకుండుటయే లోపము. ఇది మన కుటుంబములకు మిక్కిలి సంబంధించిన విషయము. బ్రిటన్‌లోని జాతీయ ఆరోగ్య సేవలో పనిచేయుచు అక్కడనే స్థిరపడిన తెలుగు వైద్యులు పెక్కురు కలరు; వారి బిడ్డలలో అనేకులు తలిదండ్రుల మార్గముననే నడువగోరుదురు. అట్టి యింటి బిడ్డ "మా అమ్మ వైద్యురాలు, మా నాన్న వైద్యుడు, కావున నేనును" అని వ్రాసినచో, దానిని చదువు ఆచార్యునికి ఆ కుటుంబము పరిచయమగును గాని ఆ బిడ్డ పరిచయము కాదు. అక్కడ వైద్యవిద్య అయిదారేండ్లు సాగును. పట్టా పుచ్చుకొన్న పిమ్మట రెండేండ్ల ఫౌండేషను శిక్షణ. ఆ తరువాతనే ఏ ప్రత్యేక శాఖకైనను దారి. ఇంతటి దీర్ఘ ప్రయాణపు తొలిమెట్టుకు ముందు నిలిచిన పదునేడేండ్ల వ్యక్తి, తాను న్యూరోసర్జనునే కాదలచితినని ఉద్ఘోషించుట వలన పట్టుదల కంటె అనుభవరాహిత్యమే వెల్లడియగును.

దానికి మారుగా, వృద్ధాశ్రమమున కొన్ని వారములు సేవచేసి, మరపురోగముతో బాధపడు ముదుసలి తన కుమారుని పేరే మరచిన సమయమున నర్సు ఆమెతో ఎట్లు మాటలాడెనో చూచి, చికిత్సలేని చోట వైద్యుని కర్తవ్యమేమని ఆలోచించిన బిడ్డ, ఆ ఆలోచనను యథాతథముగా చెప్పవలెను. రాత్రి విధులు, రోగుల బంధువుల కోపము, తప్పు జరిగినప్పుడు ఒప్పుకొనవలసిన బాధ్యత, ఇవన్నియు వైద్యవృత్తిలో భాగములని తనకు తెలియునని సూచింపవలెను. వృత్తి యొక్క గౌరవమును మాత్రమే చూచినవానికిని, దాని భారమును కూడ చూచినవానికిని గల భేదమును పరీక్షకులు సులభముగా గుర్తింతురు. అక్కడి వైద్యకళాశాలలు యూక్యాట్ అను పరీక్షపైనను, ముఖాముఖిపైనను అధికముగా ఆధారపడుటయు, నివేదనలో వ్రాసినదానిని ముఖాముఖిలో ప్రశ్నించుటయు కలదు. ఎరువు తెచ్చుకొన్న ఆశయము అక్కడ రెండవ ప్రశ్నకే తేలిపోవును.

న్యాయశాస్త్రము మధ్యస్థమైనది, అందుచేత మిక్కిలి మోసపుచ్చునది. "న్యాయవాదిని కావలెను గనుక న్యాయశాస్త్రము చదువుదును" అను మాట మనకు సహజముగా తోచును. కాని ఇంగ్లండులో సొలిసిటరు కాదలచినవాడు న్యాయశాస్త్రమునే పట్టభద్ర స్థాయిలో చదువవలెనను నిర్బంధము లేదు. చరిత్ర చదివినవాడును, రసాయనశాస్త్రము చదివినవాడును, 2021లో ప్రవేశపెట్టిన సొలిసిటర్ల అర్హత పరీక్షలలో ఉత్తీర్ణుడై, నియమిత కాలపు అనుభవమును సంపాదించి ఆ వృత్తిలో ప్రవేశింపవచ్చును. అట్లయినప్పుడు, న్యాయవాది కాగోరుట న్యాయశాస్త్రమునే చదువుటకు సంపూర్ణమైన కారణము కాజాలదు. ఆక్స్‌ఫర్డులో ఆ పట్టమునకు నేటికిని జ్యూరిస్ప్రుడెన్సు అనియే పేరు. అనగా చట్టమును అన్వయించు నేర్పుతో పాటు, చట్టమనగా నేమి, దానికి మనుష్యులు ఏల లోబడవలెను అను తత్త్వవిచారమునకును అక్కడ పీట వేయుదురు. గ్రామ పంచాయతీలో భూమి తగాదాను చూచిన విద్యార్థిని, పట్టాదారు పాసుపుస్తకమున ఒకరి పేరుండి, అనుభవమున వేరొకరుండుట ఎట్లు సంభవించెనని ప్రశ్నించుకొని, స్వాధీనతకును స్వామ్యమునకును గల భేదమును గూర్చి ఏదైన చదివినదేని, ఆమె వ్రాత ఆచార్యుని హృదయమున నిలుచును. ఆ వ్రాత చివర న్యాయవాదిగా భూవివాదములలో పనిచేయ గోరుచున్నానని ఒక్క వాక్యము చేర్చినచో, అది ఆమె చెప్పినదానినుండి సహజముగా పుట్టినదై యుండును.

ఇక చరిత్ర, తత్త్వశాస్త్రము, సాహిత్యము, భౌతికశాస్త్రము, గణితము మొదలగు శుద్ధ విద్యల సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును. అక్కడ వృత్తిని గూర్చి ఏమియు చెప్పకున్నను లోటు లేదు.

అట్లాంటికు సముద్రమును దాటి అమెరికాకు పోయినచో నియమములు మారును. అక్కడి డిగ్రీ కళాశాలలకు కామన్ అప్లికేషను ద్వారా పంపు ముఖ్యవ్యాసము 650 పదములకు మించరాదు. అది వ్యక్తిత్వమును గూర్చినది, వృత్తిని గూర్చి అడుగదు. పెక్కు కళాశాలలలో విద్యార్థి రెండవ సంవత్సరాంతమువరకు తన ప్రధాన విషయమును ప్రకటింపకున్నను చెల్లును గనుక, మనస్సు మారుట అక్కడ తప్పుగా ఎంచబడదు. కాని మన తెలుగువారిలో అత్యధికులు అమెరికాకు పోవునది డిగ్రీకి కాదు, ఎం.ఎస్. చదువునకు. ఆ స్థాయిలో వృత్తి ప్రస్తావనము ఆవశ్యకమే యగును. ఏలయన, రెండేండ్ల ఆ చదువు పెక్కుచోట్ల ఒక నైపుణ్యమును సంపాదించి ఉద్యోగమునకు మరలుటకే ఏర్పడినది. అయినను అక్కడ కూడ "డేటా సైంటిస్టును కాదలచితిని" అనుట చాలదు. ఏ విధమైన సమస్యపై, ఏ రంగమున పనిచేయ గోరుచున్నాడో, ఇప్పటి తన జ్ఞానములో అందుకు కొరతపడునదేమో, ఆ కొరతను ఆ విశ్వవిద్యాలయమున బోధించు ఏ పాఠ్యాంశము తీర్చునో, ఈ మూడింటిని కలిపి చెప్పినప్పుడే వృత్తి ప్రణాళికకు అర్థము కలుగును.

పిహెచ్.డి. సంగతి వేరు. అక్కడ దరఖాస్తు చదువువారు స్వయముగా పరిశోధకులు. అభ్యర్థిని అయిదారేండ్లు తమ ప్రయోగశాలలో ఉంచుకొని, భృతి నిచ్చి, శిక్షణ నిచ్చువారు. వారికి ఉద్యోగము, వేతనము అను ప్రసంగము అప్రస్తుతము. ఏ ప్రశ్నను పరిశోధింప గోరుచున్నావు, దానికి ఇంతవరకు ఏమి చేసితివి అనునదే ప్రధానము. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వంటివి, విద్యాలక్ష్యమును గూర్చి ఒక వ్రాతను, జీవిత నేపథ్యమును గూర్చి వేరొక వ్రాతను విడివిడిగా కోరును. ఒకదానిలో చెప్పవలసినదానిని మరొకదానిలో చెప్పి రెంటిని చెడగొట్టుకొనుట మన విద్యార్థులలో తరచు జరుగుచున్నది. వ్యాపార నిర్వహణ విద్యలో మాత్రము వృత్తియే కేంద్రము. హార్వర్డ్ బిజినెస్ స్కూలు 2024లో ప్రవేశపెట్టిన ప్రశ్నలలో ఒకటి, అభ్యర్థి అనుభవములు అతని వృత్తి నిర్ణయములను, ఆకాంక్షలను ఎట్లు తీర్చిదిద్దినవో చెప్పుమనును. స్టాన్‌ఫర్డు వారు అన్నిటికంటె నీకు ముఖ్యమైనదేదో, ఏలనో చెప్పుమని చిరకాలముగా అడుగుచున్నారు. దానికి వృత్తిని చెప్పినవాడు ప్రశ్ననే చదువలేదని తేలును.

ఈ సందర్భమున మన పిల్లలను పీడించు భయమొకటి ప్రస్తావింపక తప్పదు. అది వీసా భయము. అమెరికా వలస చట్టములోని 214(బి) విభాగమును అనుసరించి, విద్యార్థి వీసా కోరువాడు తనకు స్వదేశమున స్థిరనివాసమున్నదనియు, దానిని విడుచు ఉద్దేశము లేదనియు కాన్సులేటు అధికారికి నమ్మకము కలిగింపవలెను. ఆ నియమమును విన్న విద్యార్థులు, విశ్వవిద్యాలయమునకు వ్రాయు నివేదనలో సైతము "చదువు ముగియగానే స్వదేశమునకు మరలివచ్చి కంపెనీ స్థాపించి జాతికి సేవ చేయుదును" అను వాక్యమును, మనస్సునం దట్టి సంకల్పమున్నను లేకున్నను, చేర్చుచున్నారు. విశ్వవిద్యాలయ ఆచార్యుడు వీసా అధికారి కాడు. ఆయన ఆ ప్రశ్న అడుగనే లేదు. మరియు, చదివిన రంగమున పండ్రెండు నెలలు పనిచేయుటకును, విజ్ఞాన సాంకేతిక విషయములు చదివినవారు మరి ఇరువదినాలుగు నెలలు పొడిగించుకొనుటకును ఆ దేశపు నియమములే అవకాశమిచ్చుచున్నవని ఆయనకు తెలియును. ఆస్ట్రేలియా వారు మాత్రము వీసా దరఖాస్తులోనే, ఈ చదువు నీకెట్లు ప్రయోజనకరమగునని తిన్నగా అడుగుదురు. 2024 మార్చిలో మార్చిన పద్ధతి ప్రకారము ఒక్కొక్క సమాధానమును 150 పదములలో ముగింపవలెను. అక్కడ వృత్తి ప్రణాళికయే సమాధానము. ఎవరు అడుగుచున్నారో, ఏల అడుగుచున్నారో గమనించి, అన్ని చోట్లను ఒకే సత్యమును ఆయా ప్రశ్నకు తగిన మేర చెప్పుటయే క్షేమకరము. విశ్వవిద్యాలయమునకు ఒకటి, వీసా కార్యాలయమునకు వేరొకటి కల్పించినవాడు ఎక్కడనో ఒకచోట చిక్కుకొనును.

ఒక ఉదాహరణమును కల్పించి చూపెదను. నల్లగొండ జిల్లానుండి ఒక విద్యార్థిని పర్యావరణ ఇంజనీరింగు చదువునకు దరఖాస్తు పంపుచున్నదనుకొందము. "ఈ కోర్సు పూర్తిచేసి ప్రఖ్యాత సంస్థలో ఉద్యోగము సంపాదించి, పర్యావరణమును కాపాడి, నా తలిదండ్రులకు కీర్తి తెచ్చెదను" అని వ్రాసినచో అందు తప్పు పట్టవలసిన దొక్కటియు లేదు, గుర్తుంచుకొనవలసినదియు ఒక్కటి లేదు. ఆమెయే ఇట్లు వ్రాసెననుకొందము: తమ ప్రాంతపు భూగర్భజలములలో ఫ్లోరైడు అధికముగా నుండుటచే పళ్ళు గారపట్టి, కీళ్ళు బిగిసి, నడుములు వంగినవారిని చిన్ననాటినుండియు చూచినది, ఆ నీటిలో పటికను, సున్నమును కలిపి, కలియబెట్టి, తేరనిచ్చి ఫ్లోరైడును తగ్గించు విధానమును నాగపూరులోని నీరి సంస్థ రూపొందించినదనియు, దానికి లోకమంతటను నల్లగొండ పద్ధతి యనియే పేరనియు పాఠశాలలో తెలిసికొన్నది, అంతటి పేరుగల పద్ధతి తన ఊరి యిండ్లలో ఏల నిలువలేదని అడిగి, ప్రతిదినము మందు కొలిచి కలుపవలసిన శ్రమయు, అడుగున మిగులు మడ్డిని పారవేయు కష్టమును, నీటిలో అల్యూమినియము మిగులునేమోనను శంకయు కారణములని గ్రహించినది, గ్రహించి, ఒక ఘనపదార్థపు ఉపరితలము ఫ్లోరైడును తనకు అంటించుకొనుట ఏ రసాయన నియమమును బట్టి జరుగునో తెలిసికొనవలెనను కోరికతో ఈ చదువునకు వచ్చుచున్నది, చదివి, పల్లెవారు సులభముగా వాడగల తాగునీటి పరికరములపై పనిచేయ గోరుచున్నది.

ఈ రెండవ వ్రాతలో వృత్తికి దక్కినది కట్టకడపటి వాక్యము ఒక్కటే. అయినను ఆ వాక్యమును చదువరి సందేహింపడు. ముందు చెప్పిన ప్రతి సంగతియు దానిని మోయుచున్నది. మొదటి వ్రాతలో వృత్తియే సర్వస్వమయ్యును, దానికి ఆధారము లేదు. మన పల్లెలలో, పట్టణములలో ఇట్టి సామగ్రి ఎంతయో యున్నది. చేనేత మగ్గము, చేపల చెరువు, చక్కెర కర్మాగారము, ఆర్టీసీ డిపో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, ఇవి యన్నియు ఏదో ఒక శాస్త్రమునకు ప్రశ్నలను అందించుచున్నవి. మన పిల్లలు వానిని చూచుచున్నారు. అవి ఆ వ్రాతకు అర్హమైనవని ఎవరును వారికి చెప్పకుండుటచే, విడిచిపెట్టి, ఎక్కడివో పెద్ద మాటలను వెదకుచున్నారు.

వెదకి తెచ్చుకొన్న మాటలకు ఏ గతి పట్టునో యూకాస్ అనుభవమే చెప్పుచున్నది. 2007లో ఆ సంస్థవారు దరఖాస్తులను కంప్యూటరు సాయమున పోల్చి చూచినప్పుడు, 234 మంది అభ్యర్థులు తమకు విజ్ఞానశాస్త్రముపై ప్రేమ పుట్టిన విధమును ఒకే తీరున వర్ణించినట్లు బయటపడినది: ఎనిమిదవ పుట్టినరోజున ప్రయోగము చేయబోయి పైజమాకు చిల్లిపడునట్లు కాల్చుకొన్న కథ. ఎవరో ఒకరు మొదట వ్రాసిన ఆ కథను తక్కినవారు తమదిగా చెప్పుకొనిరి. నాటినుండి నేటివరకు అట్టి పోలికలను పట్టు సాధనములు మరింత పదునెక్కినవి. కృత్రిమ మేధచే సంపూర్ణముగా గాని అధికభాగముగా గాని వ్రాయించి తనదిగా సమర్పించుట మోసముగా పరిగణింపబడవచ్చునని యూకాస్ వారు స్పష్టముగా హెచ్చరించియున్నారు.

ఇక నిశ్చయము లేనివారి మాట. వారే అధిక సంఖ్యాకులని నా నమ్మకము. అందు సిగ్గుపడవలసినదేమియు లేదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితమును ఇచ్చట స్మరింతును. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, సోదరులను స్ప్రూ వ్యాధికి కోల్పోయి, 1920ల తొలినాళ్ళలో ఆయన హార్వర్డునకు పోయినది ఉష్ణమండల వ్యాధుల వైద్యమును అభ్యసించుటకు. అక్కడ జీవరసాయన శాస్త్రము ఆయనను ఆకర్షించినది. అక్కడి శాస్త్రజ్ఞుడు సైరస్ ఫిస్కుతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరపు పరిమాణ నిర్ణయ పద్ధతి నేటికిని ఇద్దరి పేరిట ప్రసిద్ధము. కండరములలోని శక్తికి మూలమైన ఏటీపీని గుర్తించినవారిలో ఆయన యొకడు. తరువాత లెడర్లీ పరిశోధనశాలకు పోయి, ఏ వ్యాధి తన యింటిని శోకమున ముంచెనో ఆ స్ప్రూకు ఔషధమైన ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు కృషికి నాయకత్వము వహించినాడు. మన కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలు వ్యాధిపై ప్రయోగించు హెట్రజాన్ సైతము ఆయన ఆధ్వర్యమున వెలువడినదే. హార్వర్డు మెట్లెక్కునాడు ఆయనను నీ భావి వృత్తి యేమని అడిగియుండినచో, ఔషధ సంస్థలో పరిశోధన నాయకుడనని చెప్పగలిగియుండెడివాడు కాడు. వృత్తి మారినది, శాస్త్రము మారినది. ఏ ప్రశ్నతో సముద్రము దాటెనో ఆ ప్రశ్న మాత్రము మారలేదు. నిశ్చయము లేని విద్యార్థి తన ప్రశ్నను చెప్పవలెను. "ఈ చదువు నన్ను ఎటు నడపునో ఇప్పుడే చెప్పజాలను, ప్రజారోగ్యముగాని, పరిశోధనగాని నన్ను ఆకర్షించుచున్నవి" అని నిజాయితీతో వ్రాసిన రెండు వాక్యములను ఏ ఆచార్యుడును తిరస్కరింపడు.

తలిదండ్రులకు ఒక మాట. అమీరుపేటలోను, విజయవాడలోను, గుంటూరులోను కన్సల్టెన్సీలు పెక్కు వెలసినవి. దరఖాస్తు రుసుములు, గడువులు, బ్యాంకు పత్రములు, వీసా కాగితముల విషయమున వారిలో అనేకులు చేయు సాయము విలువైనదే. కాని ఎస్‌ఓపీని వారిచేత వ్రాయింపకుడు. పేరును, కళాశాలను, మార్కులను మార్చి వందమందికి అతికించు ఆ వ్రాతలో మీ బిడ్డ కనబడదు. అందలి వృత్తి ప్రణాళిక మీ బిడ్డది కాదు గనుక, ముఖాముఖిలో దానిని సమర్థించుటకు మీ బిడ్డకు శక్తి చాలదు. పిల్ల తనకు వచ్చిన ఇంగ్లీషులో, తన చేతులతో వ్రాసిన చిత్తుప్రతిని మీరు చదువుడు. మీ కోరికను అందు చొప్పింపకుడు. "ఈ మాట ఏల వ్రాసితివమ్మా?" అని మాత్రము అడుగుడు, ఆమె చెప్పు సమాధానమే తరచు ఆ కాగితముపై ఉండవలసిన వాక్యమగును.

ఇంటర్మీడియెటు అధ్యాపకులకును నాదొక విన్నపము. సంవత్సరమునకు ఒక్కసారియైనను, పరీక్షలతో నిమిత్తము లేకుండ, మీరు బోధించు శాస్త్రములో తమకు అర్థము కానిదేదో, తెలిసికొనగోరునదేదో పిల్లలచేత ఒక పుట వ్రాయింపుడు. విదేశములకు పోవువారికే గాదు, ఇక్కడనే చదువువారికిని అది మేలుచేయును. పోదలచినవారు గుర్తుంచుకొనవలసిన గడువు ఇది: ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలకును, బ్రిటన్‌లోని వైద్య, దంతవైద్య, పశువైద్య విద్యలలో అత్యధిక భాగమునకును దరఖాస్తు చేరవలసిన దినము అక్టోబరు 15, కావున ఆ నివేదనను వేసవి సెలవులలోనే మొదలుపెట్టవలెను.